పళ్ళ మధ్య పాట

అలివేణికి నోరు లేదు. మెడ లేదు, మెడలో గొంతూ లేదు. అయినా ఆ ఏడాది పెళ్ళిపందిళ్ళలో, ఆటోల్లో, కాలేజీ హాస్టళ్ళలో, కల్యాణకట్టల దగ్గర ఎక్కడ చెవి పెట్టినా అలివేణి పాటే. నోరున్నవాళ్ళు ఇంతమంది కలిసి నోరులేనిదాన్ని నెత్తిన పెట్టుకోవడం నేను ఎన్నికల్లో కూడా చూడలేదు.

అలివేణి ఒక సాఫ్ట్‌వేరు. మాటలు టైపు చేసి, వరస చెబితే పాడుతుంది. తెర మీద మాత్రం చిలకాకుపచ్చ లంగా ఓణీ, మోకాళ్ళు దాటే జడ, జడ నిండా కనకాంబరాలు. అలసట లేదు, జలుబు లేదు, కారు పంపమనదు. దీన్ని తయారుచేసిన ల్యాబు రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడ మీద ఉండేది. పేరు గళసీమ. పక్కనే కోనసీమ ఉంది కదా, కొబ్బరికాయలు వాళ్ళు చూసుకుంటారు, కంఠాలు మనం చూసుకుందాం అని ఆ పేరు నేనే పెట్టాను.

నా పేరు సూరపరాజు. గళసీమలో నా ఉద్యోగం పలుకుబడి సలహాదారు. అంటే ఏ అక్షరం ఎలా పలకాలో చెప్పడం. ఏ ఆఫీసులోనూ పలుకుబడి లేనివాడికి పలుకుబడి మీదే జీతమిచ్చిన చోటు అదొక్కటే. నా గొంతు పెద్దది. నేను మామూలుగా మాట్లాడితే పక్కింటివాళ్ళు తమని పిలిచారనుకుని వస్తారు. ల్యాబుకి పెద్ద డాక్టర్ శర్వాణి. వైద్యం డాక్టరు కాదు, శబ్దం డాక్టరు. ముప్పై అయిదేళ్ళ మనిషి, నవ్వు పొదుపు, నిద్ర అంతకన్నా పొదుపు. నా జోకులకి ఆవిడ నవ్వేది కాదు. తల ఊపేది. అది హాజరుపట్టీలో నా పేరు పక్కన టిక్కు పెట్టినట్టుండేది.

గొంతు కోసం మేం వెతకని చోటు లేదు. సంగీతం నేర్చినవాళ్ళని పిలిచాం. వాళ్ళ స్వరం ఊగుతుంది. ఊగడమే వాళ్ళ విద్య. మాకు కావలసింది ఇటుకలు. ఒక్కో అక్షరం ఒక్కో ఇటుకలా కదలకుండా నిలబడితే, వాటిని పేర్చి ఏ గోడైనా కట్టుకోవచ్చు. ఊగే ఇటుకతో ఏం కడతాం?

ఆయుధపూజనాడు కంప్యూటర్లకి దండలు తెచ్చింది సత్యవేణి. కడియపులంక మనిషి. పెద్ద కంప్యూటరుకి తెచ్చిన దండ పొట్టిదైంది. ఆమె అక్కడే నేల మీద చతికిలబడి, అరటినార కొన పళ్ళ మధ్య బిగబట్టి, ఇంకో మూర కట్టడం మొదలెట్టింది. కడుతూ ఏదో పాట. పళ్ళు విప్పకుండానే. పక్కగదిలో శర్వాణి ముందున్న మీటరు ఆ పాట విని ఒక గీత గీసింది. కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నటి గీత.

శర్వాణి పరుగెత్తుకొచ్చింది. "ఎవరు పాడుతున్నారు?"

"అమ్మాయ్, ఒకసారి లేచి ఈ మైకు ముందుకొస్తావా?" అన్నాను నేను.

సత్యవేణి నార వదలకుండా ఏదో అంది. నాకు వినిపించింది "మ్మ్ ఉమ్మ్ మూ" అని. ముప్పై ఏళ్ళుగా పలుకులతో బతుకుతున్నవాణ్ణి, ఒక్క హల్లు పోల్చుకోలేకపోయాను. ఆమె పక్కన పూలబుట్ట, బుట్ట పక్కన ఒక పిల్ల. నాలుగేళ్ళుంటాయేమో. రెండేసి పూలు తీసి వాళ్ళమ్మ వేళ్ళకి అందిస్తోంది. తల ఎత్తకుండానే ఆ మాటకి అర్థం చెప్పింది.

"అమ్మ కూచోమంటంది."

కూచున్నాం. శబ్దం డాక్టరూ, పలుకుబడి సలహాదారూ, ఇద్దరం నేల మీద కూచున్నాం. దండ పూర్తయింది. సత్యవేణి నార తెంపి, నోరు విప్పింది. "ఏవనుకోకండి మాస్టారూ. మజ్జిలో వదిలేత్తే ముడులన్నీ జారిపోతాయండి."

"పిల్ల భలే కుదురుగా ఉందే!"

"బుల్లి కుదురా! భలేవారండి. నా నోట్లో నార ఉండి, ఆ పాట ఇనపడ్డంతసేపే అండి కుదురు. మేకు కొట్టినట్టు కూకుంటది. నార తీసేత్తే కోతేనండి."

నిజమే. బుల్లి అప్పటికే శర్వాణి కుర్చీ ఎక్కి గిరగిరా తిరుగుతోంది.

రికార్డింగు చాలా నెలలు సాగింది. మెత్తలు కొట్టిన గదిలో సత్యవేణి నిలబడి గుణింతాలు పాడేది. క నుంచి మొదలుపెట్టి ప్రతి అక్షరం, ప్రతి ఒత్తు, ప్రతి శ్రుతిలో. చిన్నప్పుడు బడి మానేసిన పిల్ల, బడిలో ఎవరూ చదవనన్ని గుణింతాలు చదివింది. మొదటిరోజు అలవాటు కొద్దీ పళ్ళు బిగించి పాడింది. శర్వాణి గాజుకిటికీ అవతల నుంచి చేతులు ఊపింది.

"సత్యవేణి గారూ, నోరు పూర్తిగా తెరవాలి. పళ్ళు కనపడాలి."

"నోరంతా తెరిసి పాడితే మా ఈదిలో దెబ్బలాటనుకుంటారండి మేడమ్ గారూ."

"ఇక్కడ వీధి లేదు. తెరవండి."

తెరిచింది. పళ్ళు బిగించినవన్నీ చెరిపేశాం. దగ్గు చెరిపేశాం, నవ్వు చెరిపేశాం, బుల్లి బయటి నుంచి తలుపు కొట్టినప్పుడు ఉలిక్కిపడ్డ ఖ చెరిపేశాం. మిగిలింది శుభ్రమైన గొంతు. దానికి పేరు కావాలన్నారు. సత్యవేణిలో సత్యం తీసేసి అలి పెట్టాను. తన పేరు బయట పెట్టొద్దంది సత్యవేణి. పేపర్లో పడితే పూలకొట్టు దగ్గర బేరాలాడేవాళ్ళకంటే సెల్ఫీలు తీసుకునేవాళ్ళే ఎక్కువవుతారని ఆమె భయం. కంపెనీకీ అదే కావాలి.

ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిందే. అలివేణికి అభిమాన సంఘాలు పుట్టాయి. ఒకాయన పట్టుచీర పంపాడు. ఎవరికి కట్టాలో తెలియక సర్వరు మీద కప్పాం. తణుకు నుంచి ఒక అబ్బాయి జాతకం పంపి, అలివేణిది కూడా పంపమన్నాడు. పుట్టిన నక్షత్రం బదులు వెర్షను నంబరు రాసి పంపాను. కుర్రాళ్ళు ఇళ్ళలో కూచుని సొంత వరసలు కట్టి ఆమె చేత పాడించారు. వాటిలో నిజంగా మంచి పాటలుండేవి. నేను దాచుకున్నవీ ఉన్నాయి. ఎవరి పాటైనా పాడగల గొంతు ఊరికి ఉమ్మడి బావిలా అయింది.

బావి అన్నాక చెత్తా పడుతుంది. దొంగ కాపీలు తయారయ్యాయి. ఒక ఊళ్ళో ఎవరో గిట్టని కుటుంబాన్ని అలివేణి చేత బూతులు పాడించి ఆటోలో ఊరంతా తిప్పారు. ఆ ఇంటి ఆడపిల్ల కాలేజీ మానేసింది. ఆ వార్త చూసినరోజు శర్వాణి అన్నం తినలేదు. పద్దెనిమిది రోజులో ఇరవయ్యో, లెక్క ఎందుకు, గది తలుపు వేసుకుని కూచుని జల్లెడ చేసింది.

జల్లెడ అంటే ఒక చిన్న చిప్పు. ఆంప్లిఫయర్లలో, ఫోన్లలో కూచుంటుంది. అలివేణి అసలు పాటలో చెవికి వినపడని ముద్ర ఒకటి కలిసి ఉంటుంది. ఆ గొంతు వచ్చి, ముద్ర ఉంటే జల్లెడ వదులుతుంది. గొంతు వచ్చి, ముద్ర లేకపోతే నోరు నొక్కేస్తుంది. ఆంప్లిఫయర్లు చేసే కంపెనీలు పోటీలు పడి పెట్టుకున్నాయి. పోలీసులకి నచ్చింది, పెద్దలకి నచ్చింది, నాకూ నచ్చింది. సంగీతంలో తాళం వేయడం విన్నాను గానీ, సంగీతానికే తాళం వేయడం అదే మొదటిసారి.

ల్యాబులో పరీక్ష పెట్టారు. దొంగ కాపీ పాట వేస్తే స్పీకరు టక్కున మూగబోయింది. అందరం చప్పట్లు కొట్టాం. దండలు తెచ్చిన సత్యవేణిని కూడా మైకు ముందుకి పిలిచి రెండు మాటలు మాట్లాడమన్నాను. ఆమె సిగ్గుపడుతూ పెదవులు కదిపింది. స్పీకరులోంచి గాలి కూడా రాలేదు. ఆమె మైకు తట్టింది. ఆ టకటక వినపడింది. మళ్ళీ మాట్లాడింది. ఏమీ లేదు.

"చూశారా, ఎంత కచ్చితంగా పట్టుకుందో!" అన్నాడు ఎవరో కుర్ర ఇంజనీరు. మళ్ళీ చప్పట్లు.

చప్పట్లు కొట్టనిది ఇద్దరే. సత్యవేణి, శర్వాణి.

నెల తిరిగేసరికి అది ల్యాబు దాటి ఇంట్లోకి వచ్చింది. సత్యవేణి భర్త గంగరాజు నర్సరీ మొక్కల వ్యాను మీద ఒరిస్సా దాకా వెళ్తాడు. కొత్త ఫోను కొన్నాడు. అందులో జల్లెడ ఉంది. పెళ్ళాం ఫోను చేస్తే అవతల నిశ్శబ్దం. అలిగిందనుకుని ఆ మనిషి దారంతా బతిమాలాడట. మహిళా సంఘం మీటింగులో మైకు ఇస్తే మూకాభినయం అయింది. ఫోనులో పూల ఆర్డర్లు తీసుకునే వీల్లేక బేరాలు పోయాయి. ఒకరోజు బుట్ట భుజాన, బుల్లిని చంకన పెట్టుకుని ల్యాబుకి వచ్చింది.

"మేడమ్ గారూ, నా గొంతు నాకు ఇచ్చేయండి."

శర్వాణి నీళ్ళగ్లాసు ఆమె ముందు పెట్టింది. "సత్యవేణి గారూ, మిమ్మల్ని ఒక్కర్నీ వదలమని జల్లెడకి చెప్పలేను. దానికి మీరూ దొంగ కాపీ ఒకటే. మీకు తలుపు తీస్తే వాళ్ళకీ తీసినట్టే."

"నేను కాపీ ఏంటండి? అది కదా కాపీ!"

శర్వాణి గ్లాసు ఇంకాస్త దగ్గరికి జరిపింది. "గోదావరి గట్టు మీద అలివేణి కచేరీ ఒకటి పెడుతున్నాం, అది అయిపోనివ్వండి. తర్వాత కొత్త వెర్షనులో దారి చూస్తాను. మాటిస్తున్నాను."

"అయ్యో, మాట నాకెందుకండి, నా మాటే నాకు కావాలి గానీ." నా వైపు తిరిగింది. "మాస్టారూ, నిన్న ఏటయిందో తెలుసాండి? నేను వంటింట్లో ఉన్నాను. టీవీలో మీ అలివేణి పాడతంది. ఈ పిల్ల టీవీ ముందుకెళ్ళి గ్లాసు చాపి, 'అమ్మా, నీళ్ళు' అందండి."

బుల్లి మాత్రం కుర్చీలో గిరగిరా తిరుగుతోంది.

కచేరీ శ్రావణమాసంలో పెట్టారు. గోదావరి ఎర్రనీళ్ళతో నిండుగా, రేవు మెట్లు సగం మింగేసి ఉంది. గట్టు పొడుగునా స్తంభాలు, ప్రతి స్తంభానికీ స్పీకరు. వేదిక మీద రెండంతస్తుల ఎత్తు తెర. శర్వాణి ఒక కొత్త ఏర్పాటు చేసింది. మొదటి పాట వేదిక దగ్గర మొదలై, స్తంభం నుంచి స్తంభానికి నడుచుకుంటూ గట్టు వెంట వెళ్ళి, రేవు మెట్లు దిగి, నీళ్ళలో లంగరు వేసిన పంటు మీది పెద్ద స్పీకరు దగ్గర హారతితో ముగుస్తుంది. పాట నడిచి వెళ్ళి నదికి దండం పెడుతుందన్నమాట. కాగితం మీద ఎంత బాగుందో చెప్పలేను. ఆ మాటలు రాసింది నేనే.

తెరకి వేసే పెద్ద దండ సత్యవేణిదే. దీపాలు పెట్టే వేళకి జనం గట్టు కనపడకుండా నిండిపోయారు. సత్యవేణి నిచ్చెన ఎక్కి దండ కడుతోంది. నిచ్చెన కింద ఖాళీ బుట్ట బోర్లించి బుల్లిని కూచోబెట్టింది. నేను తెర వెనక గుడారంలో ఉన్నాను. అక్కడ శర్వాణి ముందు కంప్యూటరు, దాని పక్కన గట్టు మీది కెమెరాల బొమ్మలు చూపించే తెరలు, వాటి ముందు ఒక కానిస్టేబులు.

అలివేణి ఆలాపన ఎత్తుకుంది. జనం ఒక్కసారిగా ఈలలు. పాట మొదటి స్తంభానికి నడిచింది. రెండోదానికి నడిచింది. తలలన్నీ దాని వెంటే తిరిగాయి. శర్వాణి ముఖంలో నవ్వు కనపడింది. నేను చూడటం అదే మొదటిసారి.

పాట రేవు దాకా వెళ్ళేలోపే సత్యవేణి గుడారంలోకి వచ్చిపడింది. జడ ఊడిపోయింది.

"బుల్లి లేదండి! బుట్ట మీద లేదండి!"

"ఇక్కడే ఎక్కడో ఉంటుందమ్మా, స్టేజీ కింద..."

"అంతా చూశానండి! అది పాట ఎంట పోయిందండి మాస్టారూ! అమ్మ ఎల్లిపోతందనుకుని ఆ గొంతు ఎంట పోయింది!"

పాట నడిచిన దారి నాకు తెలుసు. చివరి స్తంభం ఎక్కడుందో తెలుసు. దాని తర్వాత ఏముందో తెలుసు.

శర్వాణి పాట ఆపేసింది. జనం గోల చేశారు. నేను మైకు లాక్కుని అరిచాను. "బుల్లీ! మాస్టారు తాతని! ఎక్కడున్నావమ్మా? ఎవరైనా పాపని చూస్తే పట్టుకోండి, పచ్చగౌను, నాలుగేళ్ళ పాప!" నా గొంతు గట్టంతా మోగింది. చీకటి పడుతున్న జనంలో ఎవరి పిల్లని వాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. అంతే. పచ్చగౌనులు చాలా ఉన్నాయి.

"నాకివ్వండి!" సత్యవేణి మైకు తీసుకుంది. "బుల్లీ!" అంది.

గుడారంలో మాకు వినపడింది. బయట ఏమీ లేదు. ఆమె మైకుని పెదవులకి ఆనించి అరిచింది. మెడనరాలు తేలాయి. గట్టు పొడుగునా స్పీకర్లన్నీ నోరు మూసుకుని నిలబడ్డాయి.

"తీసేయండి మేడమ్! ఆ చిప్పు తీసేయండి!"

"ఇక్కణ్ణుంచి తీయలేను." శర్వాణి గొంతు పీలగా వచ్చింది. "ఎవరూ తీయలేకుండా నేనే చేశాను."

"పోలీసు జీపు మైకు?" అన్నాను.

"అందులోనూ అదే ఉంది."

శర్వాణి చేతులు కంప్యూటరు మీదికి పోయాయి. "అలివేణి చేత పిలిపిస్తాను. ముద్ర ఉంది కాబట్టి వెళ్తుంది." టకటకా టైపు చేసింది. గట్టంతా ఆ గొంతు పలికింది. నిదానంగా, తేనెలా, ఒక్క వెంట్రుకవాసి కదలకుండా.

"బుల్లీ... అమ్మ దగ్గరికి రామ్మా..."

కన్నకూతురు తప్పిపోయిన తల్లి గొంతు అలా ఉండదు. అయినా తెరల ముందున్న కానిస్టేబులు అరిచాడు. "ఆయ్! పాపండి! ఇదిగోనండి, రేవు మెట్ల మీద!"

చివరి స్తంభం వెనక నుంచి పచ్చగౌను బయటికొచ్చింది. ఒక్కతే. జనమంతా వేదిక వైపు తోసుకొచ్చారు, రేవు దగ్గర మనిషి జాడ లేదు. బుల్లి స్తంభం పైకి చూసింది. తర్వాత నీళ్ళ వైపు చూసింది. నీళ్ళ మీద పంటు, పంటు మీద అన్నిటికన్నా పెద్ద స్పీకరు. అందులోంచి అమ్మ పిలుస్తోంది.

"రామ్మా... అమ్మ దగ్గరికి రామ్మా..."

బుల్లి ఒక మెట్టు దిగింది.

"ఆపండి!" సత్యవేణి కేక నా చెవిలో పడింది. "ఆపండి దాన్ని! నీళ్ళలోకి పిలుత్తంది నా బిడ్డని!"

శర్వాణి కంప్యూటరు ప్లగ్గే పీకేసింది. గట్టు నిశ్శబ్దమైంది. కానిస్టేబులు వైర్‌లెస్సులో అరుస్తూ బయటికి పరుగెత్తాడు. రేవుకీ మాకూ మధ్య ఊరంత జనం. తెరలో బుల్లి ఆగింది. వెనక్కి రాలేదు. ఎర్రనీళ్ళు ఆమె పాదాల మీదికి వచ్చి పోతున్నాయి. చెవి ఒగ్గి వింటోంది. అమ్మ మళ్ళీ పిలుస్తుందని. పిలవకపోయేసరికి మూతి వంకర తిరిగింది. ఏడుపుకి ముందు పిల్లలు తిప్పే వంకర. ఇంకో మెట్టు వైపు కాలు చాపింది. ఆ మెట్టు నీళ్ళ కింద ఉంది.

నేను మైకులో "బుల్లీ, ఆగు!" అని గర్జించాను. నా గొంతుకి పిల్లలు దగ్గరికి రారు, దూరం పోతారు. బుల్లి బెదిరి ఇంకొంచెం కిందికి జరిగింది. సత్యవేణి నా చేతిలోంచి మైకు గుంజుకుంది.

గుంజుకుందే గానీ ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. పిలిచినా వినపడదు. ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని ఆపుకోడానికి పళ్ళు గట్టిగా బిగించింది. ఆ బిగువులోంచి సన్నటి మూలుగు ఒకటి జారింది.

గట్టు పొడుగునా స్పీకర్లన్నీ మూలిగాయి.

అందరం ఉలిక్కిపడ్డాం. సత్యవేణి నోరు తెరిచి "బుల్లీ" అంది. నిశ్శబ్దం.

శర్వాణి కుర్చీలోంచి లేచి నిలబడింది. "పళ్ళు! పళ్ళు బిగించండి! జల్లెడకి మీ తెరిచిన నోరే తెలుసు. మూసిన నోరు మనం ఇవ్వలేదు, చెరిపేశాం! నోరు తెరవకండి సత్యవేణి గారూ!"

సత్యవేణి చెయ్యి బొడ్డు దగ్గరికి పోయింది. అక్కడ దోపుకున్న అరటినార తీసింది. కొన పళ్ళ మధ్య పెట్టుకుంది. కళ్ళు తెర మీది పచ్చగౌను మీదే ఉన్నాయి. మైకు దగ్గరికి తెచ్చుకుని ఎత్తుకుంది.

*రెండు రెండు మల్లెలు, రెండు మరువాలు,*
*ముడి మీద ముడి వేస్తే ముత్యాల మురిపాలు...*

మాటలు నాకు తెలుసు కాబట్టి రాశాను. వినపడింది మాత్రం గుంజుకుంటున్న తీగలాంటి కూనిరాగం. అరిగిన అంచు, అక్కడక్కడా విరుపు, మధ్యలో మింగిన ఏడుపు. శర్వాణి మీటరు మీద గీత దారం చిక్కుపడ్డట్టు అల్లుకుపోతోంది. రేవు నిండా, గట్టు నిండా, నది మీద ఆ పాట. ఈలలు ఆగిపోయాయి. జనంలో ఎవరికీ అదేం పాటో తెలియదు. ఎవరో ఒకామె పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంది.

తెరలో బుల్లి కాలు గాలిలో ఆగింది.

పాట సాగింది. బుల్లి కాలు వెనక్కి తీసింది. చుట్టూ చూసింది. అమ్మ కనపడలేదు. అయినా అమ్మ నోట్లో నార ఉంది. నార ఉందంటే కదలకూడదు. పిల్ల తడిమెట్టు మీద, నీళ్ళ అంచునే, చతికిలబడి కూచుంది.

"ఆపకండి," అంది శర్వాణి గుసగుసగా. "ఆపకండి, ఆపకండి."

సత్యవేణి ఆపలేదు. పాట అయిపోతే మళ్ళీ మొదటికి వచ్చింది. నార పళ్ళలో కోసుకుని పెదవి పక్కన ఎర్రటి చుక్క నిలిచింది. నీళ్ళు ఒకసారి మెట్టెక్కి బుల్లి గౌను తడిపి పోయాయి. బుల్లి లేవలేదు. అలతో పాటు పూజపూలు కొన్ని మెట్టు మీదికి కొట్టుకొచ్చాయి. బుల్లి వాటిని ఏరడం మొదలుపెట్టింది.

ఎంతసేపో చెప్పలేను. తెర పక్కనుంచి ఖాకీ చొక్కా ఒకటి దొర్లుతూ వచ్చి పిల్లని వాటేసుకుంది.

సత్యవేణి అప్పటికీ ఆపలేదు. నేను భుజం మీద చెయ్యి వేసి, "దొరికిందమ్మా, దొరికింది," అంటే గానీ నార వదల్లేదు.

బుల్లిని ఎత్తుకొచ్చిన కానిస్టేబులు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. "ఎత్తుకుంటే కొరికిందండి! పాట అయ్యేదాకా లేవనంటదేంటండి బాబూ!" అని చెయ్యి చూపించాడు. బుల్లి వాళ్ళమ్మ మెడ చుట్టుకోలేదు. ముందు గుప్పిట విప్పింది. బంతిపూలు, నీళ్ళు కారుతూ. రెండూ రెండూ.

కచేరీ ఆ రోజుకి అక్కడితో ఆగింది. శర్వాణి మర్నాడే కొత్త జల్లెడలో సత్యవేణి కోసం ఏదో దారి పెడతానంది. రాత్రింబవళ్ళు కూచుంది కూడా. ఈలోగా గట్టు మీది పాట వీడియో ఊరూరా తిరిగింది. తిరిగిన వెంటనే కుర్రాళ్ళు సూక్ష్మం కనిపెట్టారు. దొంగ కాపీ గొంతుని పళ్ళు బిగించినట్టు మార్చి పంపితే జల్లెడ వదిలేస్తోంది. మళ్ళీ ఆటోలు బయల్దేరాయి, మళ్ళీ బూతులు. కంపెనీ పెద్దలు శర్వాణికి ఒకటే మాట చెప్పారు. ఆ కన్నం మూయాలి. మూయాలంటే ఆ మూసిన నోటి గొంతు కూడా కావాలి. మొత్తం గుణింతాలు, ప్రతి శ్రుతిలో.

కడియపులంక వెళ్ళాం. కారు దిగేముందు శర్వాణి స్టీరింగు పట్టుకుని కూచుంది. "అడగడానికి నాకు మొహం లేదు సూరపరాజు గారూ. కానీ అడగకపోతే ఇంకో ఇంటి పిల్ల కాలేజీ మానేస్తుంది."

"మరి అడిగితే?"

ఆవిడ తల ఊపలేదు.

సత్యవేణి అరుగు మీద ఉంది. ముందు మల్లెల రాశి. కాలి బొటనవేలికి చుట్టిన నార, దాని కొన పళ్ళ మధ్య. పెదవి పక్కన గాటు మానుతోంది. పక్కన బుల్లి. పాట సన్నగా నడుస్తోంది. మమ్మల్ని చూసి ఆమె కళ్ళతో పలకరించింది. చేతులు ఆగలేదు.

శర్వాణి మెట్టు మీద కూచుంది. చెప్పాల్సిందంతా దాచకుండా చెప్పింది. ఆటోలు, కాలేజీ మానేసిన ఆడపిల్ల, జల్లెడలో కన్నం, పెద్దల మాట. "ఇది కూడా ఇస్తే, పళ్ళు బిగించినా స్పీకర్లు మీకు పలకవు. అది దాచి అడగలేను," అంది చివర్న. "మీరు కాదంటే కాదనే వెళ్ళి చెబుతాను."

నేను కింద పడ్డ మల్లె ఒకటి తీసి రాశిలో వేశాను.

సత్యవేణి దండ సర్దుకుంది. ముడి వేసింది. ఇంకో ముడి వేసింది. తర్వాత శర్వాణి కళ్ళలోకి చూసి, నార వదలకుండా ఏదో అంది. కోపం లేదు అందులో. "మ్మ్ ఉమ్మ్ మూ" అన్నట్టే ఉంది, మొదటిరోజు లాగే. శర్వాణి నా వైపు చూసింది. నేను పలుకుబడి సలహాదారుణ్ణి. నాకేం తెలుస్తుంది?

ఇద్దరం బుల్లి వైపు తిరిగాం.

బుల్లి తల ఎత్తలేదు. బుట్టలోంచి రెండు మల్లెలు తీసి, వాళ్ళమ్మ వేళ్ళ మధ్య జాగ్రత్తగా పెట్టింది.

"అమ్మ ఎల్లిపొమ్మంటంది."